నాలుగు వరసలు చాలు

మార్చి 23, సోమవారం

షెడ్డు కట్టాలని ఇవాళ నిశ్చయించాను. పెరట్లో, తోట చివర. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు, కింద కాంక్రీటు పలక. గడ్డి కోసే మిషనుకూ, దున్నే మిషనుకూ, నేను వాక్యం చెప్పే గుడి తాలూకు నలభై మడత కుర్చీలకూ చోటు కావాలి. ఆ కుర్చీలు మూడేళ్లుగా మా వాకిట్లో పట్టా కింద నానుతున్నాయి. దేవుని మందిరపు వస్తువులను తడవనివ్వడం పాపం. మోషే చేత గుడారపు మేకులకు కూడా లెక్క రాయించినవాడు ఆయన.

ముందు గదిలో పదకొండు అట్టపెట్టెలున్నాయి. నాక్స్‌విల్‌లో మా అమ్మాయి అద్దెకున్న ఇంటి నుంచి ఫిబ్రవరిలో క్లెల్ తన బండిలో తెచ్చి దించాడు. రెండింటి మీద "గాజు" అని ఆమె చేతిరాత. నా భార్య లోరీన్ వాటిని తెరవదు, నన్ను ముట్టుకోనివ్వదు. వాటి పక్కనే కుర్చీ వేసుకుని కుట్టుపని చేసుకుంటుంది.

క్లెల్ బర్చెట్ నాతోపాటు బళ్లో కూర్చున్నవాడు. సొంత కౌంటీలోనే దారి తప్పే మనిషి. అంత పెద్ద ఊళ్లో ఆ వీధి ఎలా పట్టుకున్నాడో తెలియదు. దేవుడే నడిపించి ఉంటాడు.

షెడ్డు ఆ పెట్టెల కోసం కాదు. చోటు మిగిలితే అవీ పెట్టవచ్చు, అంతే.

మార్చి 25, బుధవారం

మేకులు పాతి దారం కడుతుంటే లోరీన్ వంటింటి మెట్ల మీదికి వచ్చింది.

"అక్కడ చిక్కుళ్లు వేస్తాను కదా."

"ఆరు వరసల్లో చివరి రెండేగా పోయేది. ఇద్దరం మనుషులం. నాలుగు వరసలు చాలు."

చేతులు తడిగా లేకపోయినా వంటప్పుడు నడుముకు కట్టుకునే గుడ్డకు చాలాసేపు తుడుచుకుంది. "అవును. ఇప్పుడు నాలుగు చాలు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంత తేలికగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. స్తోత్రం.

మార్చి 28, శనివారం

ఎనిమిది అంగుళాలు తవ్వాను. ఇరవయ్యేళ్లు ఎరువు తిన్న నల్ల మట్టి, పార వేస్తే వెన్నలా తెగింది. అంత మంచి మట్టిని కంచె అవతల గుట్టపోశాను. మూలనుంచి మూలకు కొలిచాను. రెండు కొలతలూ సరిపోయాయి. రసమట్టంలో బుడగ నడిమధ్యన నిలబడింది. లోపల మనసు కూడా అలా నిలబడితే ఎంత బాగుండును.

మార్చి 29, ఆదివారం

పునాది గురించి ప్రసంగించాను. బండ మీద కట్టినవాడూ, ఇసుక మీద కట్టినవాడూ. గంటన్నర. బల్ల గుద్దితే మంచినీళ్ల గ్లాసు పడి పగిలింది. పాపం వల్ల వచ్చే వరద గురించి చెప్పేటప్పుడు వెనక వరసలో ఇద్దరు ఏడ్చారు.

పాటలు వేడ్ రేమీ నడిపించాడు. ఒకప్పుడు నా అల్లుడు. ఆ బంధం తెగి నాలుగేళ్లయినా నన్ను మావయ్యా అనే పిలుస్తాడు. అంతటి గొంతు ఈ కొండల్లో ఇంకెవరికీ లేదు. వచ్చే నెల షెడ్డు గోడలు లేపేందుకు మనుషుల్ని తానే పోగుచేస్తానన్నాడు.

మార్చి 31, మంగళవారం

నాలుగంగుళాల కంకర పరిచి దిమ్మిస కొట్టాను. దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా. ఒకటి చాలదనిపించి రెండోది కూడా పరిచి అతుకులకు టేపు వేశాను. కింది నేలలోని చెమ్మ ఒక్క చుక్క పైకి రాకూడదు.

లోరీన్ వచ్చి చూసింది. "ఎందుకింత? గడ్డి మిషనుకి జలుబు చేస్తుందనా?"

"కుర్చీలు తుప్పు పడతాయి."

"మూడేళ్లు వానలో ఉన్నప్పుడు పట్టని తుప్పు."

"చేసే పని గట్టిగా చెయ్యడం తప్పా?"

ఆమె నా వైపు చూసి, "అట్టపెట్టెలకి చెమ్మ తగిలితే అడుగు ఊడిపోద్ది, నిజమే," అంది. "కానీ ఒకటి విను ఎజ్రా. దాన్ని ఒకసారి బయటికి పంపావు. రెండోసారి పంపనివ్వను."

నేను పెట్టెల మాటే ఎత్తలేదు.

ఏప్రిల్ 4, శనివారం

కాంక్రీటు పోశాం. ఎనిమిదింటికి రావలసిన మిక్సర్ లారీ తొమ్మిదిన్నరకు వచ్చింది. డ్రైవరు పెరటిదాకా వెనక్కి నడిపి, దోనె వాల్చి నేరుగా పోశాడు. మనుషులం ఇద్దరమే, నేనూ క్లెల్. సిమెంటు పని వాడి చేతిలో పుట్టినట్టు ఉంటుంది. తాగకపోతే.

మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో కాంక్రీటులో నిలబడి మొదలుపెట్టాడు.

"ఏరా ఎజ్రా, పోయిన ఆదివారం బండ మీద ఇల్లు, ఇసక మీద ఇల్లు అని గంటన్నర కేకలేశావంట. రోడ్డుదాకా వినపడిందని మా అక్క చెప్పింది."

"లోపలికొచ్చి వినుంటే నీకే మంచిది."

"ఇంత గొంతుకి లోపలికి రావడం దేనికి? సరే, ఇది చెప్పు." పారతో కాస్త కాంక్రీటు ఎత్తి నా మొహం ముందు పెట్టాడు. "ఇందులో సగానికి సగం ఇసకే. నీ బుద్ధిమంతుడు ఇప్పుడు దేని మీద కట్టినట్టు?"

ముప్పయ్యేళ్లుగా వాక్యం చెబుతున్నాను. నాస్తికుడైన పశువుల డాక్టరుకు కూడా జవాబు చెప్పాను.

"సిమెంటు కలిసింది కదా," అన్నాను చివరికి.

"అదీ సంగతి. ఏదో ఒకటి పట్టుకుని ఉండాల. లేపోతే ఇసకే."

పొడుగాటి పట్టెను చెరోవైపు పట్టుకుని లాగి చదును చేశాం. అంచుల వెంట బోల్టులు నిలబెట్టాం, రేపు గోడ అడుగుచెక్క పట్టుకోవడానికి. ఆ తర్వాత కూర్చోవడమే పని. కాంక్రీటులోని నీరు పైకి తేలుతుంది. అది ఆరేదాకా తాపీ పెట్టకూడదు. పెడితే ఏడాది తిరిగేసరికి పైపొర పొట్టులా లేస్తుంది. రెండు బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం.

క్లెల్ పలక వైపే చూస్తూ అన్నాడు.

"నాలుగేళ్ల కిందట, మొగుడి దగ్గరికి తిరిగిపోనందని గుళ్లో మీ అమ్మాయి పేరు కొట్టేశావే, ఆ ఆదివారం. ఆ పిల్ల మా అక్కింట్లోనే పడుకుంది. నీకు తెలుసా?"

బూటుకంటిన సిమెంటు గోటితో గీక్కున్నాను.

"ఎడమ చెయ్యి ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కమిలిపోయుంది. అయిదు వేళ్లూ లెక్కపెట్టొచ్చు. మా అక్క కాపడం పెట్టింది."

"వేడ్ అలాంటివాడు కాదు."

"నేను వేడ్ పేరు ఎత్తలేదే."

"నాతో ఆమె చెప్పలేదు."

"చెప్పింది రా. చెప్తే నువ్వు వచనం చదివావంట."

లేచాను. నా పెరట్లోంచి బయటికి నడవమని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే పలక మీద నీటి మెరుపు పోయింది. ఇప్పుడు మొదలుపెట్టకపోతే తాపీకి లొంగదు. ఆ పని ఒక్కడి వల్ల కాదు. క్లెల్ అప్పటికే మోకాళ్ల కింద చెక్కలు వేసుకుంటున్నాడు. కోపాన్ని పక్కన పెట్టి నేనూ మోకాళ్ల మీద వంగాను. ఎదురెదురుగా, తలలు వంచుకుని, వెనక్కి వెనక్కి జరుగుతూ మూడు గంటలు నునుపు చేశాం. చూసినవాళ్లు మేమిద్దరం ప్రార్థనలో ఉన్నామనుకుంటారు.

చివర్న వాడు నడిమధ్యగా అడ్డంగా ఒక గాడి కోశాడు. ఎందుకని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"కాంక్రీటు పగలక మానదు. ఎక్కడ పగలాలో ముందే చెప్తాం, అంతే."

పచ్చి పలక మీద గుమ్మం దగ్గర వచనం రాయాలని మేకు జేబులో పెట్టుకున్నాను. తేదీ మాత్రం రాశాను.

ఏప్రిల్ 5, మట్టల ఆదివారం

క్లెల్ తాగుతాడు. తాగేవాడి సాక్ష్యం ఎక్కడా చెల్లదు. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే గాని ఏ మాటా స్థిరపడదని ధర్మశాస్త్రం. క్లెల్ ఒక్కడు. వాళ్లక్క రెండోది, కానీ ఆమె నోట నేను వినలేదు.

లోరీన్‌ను అడగవచ్చు.

పలకకు నీళ్లు పట్టాను.

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టాను. వారం రోజులు తడి ఆరకూడదట. గోనెపట్టాలు కప్పాను.

ఏప్రిల్ 7, మంగళవారం

నీళ్లు పట్టాను.

ఏప్రిల్ 8, బుధవారం

నీళ్లు పట్టాను. అడగలేదు.

ఏప్రిల్ 9, గురువారం

మా అమ్మాయి నాతో చెప్పింది.

ఇక్కడ అబద్ధం రాయడంలో అర్థం లేదు, దీన్ని చదివేది నేనూ, నన్ను చేసినవాడూ తప్ప ఎవరూ లేరు. పెళ్లయిన పధ్నాలుగు నెలలకు ఒక చిన్న సంచితో వచ్చింది. వంటింట్లో బల్ల దగ్గర నిలబడి చొక్కా చెయ్యి పైకి లాగడం మొదలుపెట్టింది. "నాన్నా, ఇటు చూడు," అంది. నేను బైబిలు తెరిచాను. దేవునికి విడాకులంటే అసహ్యమనే చోటు వెతుకుతున్నాను. మలాకీలో ఉంటుందని తెలుసు, పాత నిబంధన ఆఖరి పుస్తకం, కళ్లు మూసుకుని తీయగలను. ఆ రోజు పేజీలు అంటుకుని దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను. దొరికి తలెత్తేసరికి ఆమె చెయ్యి కిందికి దించేసుకుంది.

చూడలేదు అని చెప్పడం నిజమే. చూడలేదు. కానీ చెప్పలేదు అనేది నిజం కాదు.

వాక్యం చెప్పినట్టే చేశాను. ముందు ఒంటరిగా గద్దించాను. తర్వాత ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని గద్దించాను. తర్వాత సంఘం ముందు పెట్టాను. ఆగస్టు పధ్నాలుగు. మత్తయి పద్దెనిమిది, పదిహేడు. సంఘం మాట విననివారిని అన్యుల కింద, పన్నులు గుంజే సుంకరుల కింద లెక్కపెట్టమన్న మాట. సభ్యుల పుస్తకంలో ఆమె పేరు మీద నేనే గీత గీశాను. ఆమె వాళ్లమ్మ పక్కనుంచి లేచి నడిచి వెళ్లింది. మా గుడి తలుపుకు స్ప్రింగు ఉంది, ఎవరు వదిలినా దబ్బున కొట్టుకుంటుంది. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసి వెళ్లింది.

కూతురని చూడకుండా తీర్పు చెప్పానని ఆ రోజు అందరూ నన్ను పొగిడారు. నేనూ పొగుడుకున్నాను.

ఈ జనవరిలో ఆమెకు నిమోనియా వచ్చింది. నాలుగు రోజులు. కబురు తెలిసి వెళ్లేసరికి అయిపోయింది.

ఏప్రిల్ 12, ఈస్టర్

ప్రసంగం చాలా బలంగా వచ్చిందన్నారు. ఏం చెప్పానో గుర్తు లేదు. లోరీన్ ఒక్కతే కొండ మీద అమ్మాయి సమాధి దగ్గరికి వెళ్లి వచ్చింది. బూట్లకు ఎర్రమట్టి.

ఏప్రిల్ 15, బుధవారం

యోబు కూతురి పేరు పెట్టాను మా అమ్మాయికి. కెజియా. లోరీన్‌కు మొదట నచ్చలేదు, బళ్లో ఏడిపిస్తారంది.

కష్టాలు తీరాక యోబుకు గొర్రెలు రెట్టింపు ఇచ్చాడు దేవుడు, ఒంటెలు రెట్టింపు ఇచ్చాడు, పిల్లల్ని మాత్రం మళ్లీ పదిమందినే ఇచ్చాడు. ఎందుకంటే చనిపోయిన పదిమందీ పోయినట్టు కాదు, ఆయన దగ్గర లెక్కలో ఉన్నారు గనక. ఈ మాట చెప్పి ఎందరు తల్లుల కన్నీళ్లు తుడిచానో. ఇవాళ పలక మీద కూర్చుని నాకు నేను చెప్పుకున్నాను. నేను ఇంత సులువుగా ఆ మాట అన్నందుకు ఆ తల్లులెవరూ నా మొహాన ఉమ్మలేదు. వాళ్ల మంచితనం.

ఏప్రిల్ 18, శనివారం

లోరీన్‌ను అడిగాను. గిన్నెలు కడుగుతోంది. చెయ్యి సంగతి నీకు తెలుసా అని.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పాల్సింది పిల్ల. అది చెప్పింది." గిన్నె బోర్లించింది. "నన్ను నేను వెనకేసుకు రావట్లేదులే. నువ్వు చదివావు. నేను కూర్చున్నాను. రెండో వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని. లేచి దాని వెనక వెళ్లడానికి ఎంతసేపు పడుద్ది?"

ఏప్రిల్ 25, శనివారం

గోడలు లేపాం. వేడ్ అన్నట్టే నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రావద్దని చెప్పాలనుకుంటూనే రోజులు గడిపాను. పనిమంతుడు. ఈల వేస్తూ కొడతాడు, మూడు దెబ్బలకు మేకు దిగుతుంది. ఒక ముసలాయన నిచ్చెన ఎక్కబోతే దింపి, "బాబాయ్, నీకేమన్నా అయితే పిన్ని నన్ను చంపుద్ది," అని తాను ఎక్కాడు. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి నాలుగు గోడలూ పలక మీద నిలబడి బోల్టులకు బిగిశాయి.

లోరీన్ చల్లటి టీ తెచ్చి అందరి చేతికీ ఇచ్చింది. వేడ్‌ది మాత్రం చెక్కల మీద పెట్టి వెళ్లింది. వాడు నవ్వి తీసుకున్నాడు.

మా వైపు ఏది కట్టినా, బయటి పలకలు కొట్టకముందు నిలువుచెక్కల మీద తలా ఒక వచనం పెన్సిల్‌తో రాయడం అలవాటు. రాశారు. కాపరి గురించి ఒకరు, బలమైన కోట గురించి ఒకరు. వేడ్ చక్కటి అక్షరాలతో శాంతి సమాధానాల గురించి రాశాడు. నా వంతు వచ్చింది. పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. బైబిలు అరవై ఆరు పుస్తకాల్లో ఒక్క వచనం చేతికి రాలేదు.

"ఇటివ్వు," అంది లోరీన్.

ఆడవాళ్లు సాధారణంగా రాయరు. తలుపు తీయగానే ఎదురుగా కనపడే చెక్క దగ్గరికి వెళ్లి, కంటికి సమానమైన ఎత్తులో, నొక్కి నొక్కి రాసింది. మత్తయి 18:17. దాని కింద ఆగస్టు 14.

సుత్తులు ఆగిపోయాయి. వేడ్ తేలిగ్గా నవ్వాడు.

"అత్తమ్మా, అది షెడ్డులో రాసుకునే వచనం కాదేమో."

"గుళ్లో చదివిందేగా వేడ్. గుళ్లో పనికొచ్చింది ఇక్కడ పనికిరాదా?"

వాడు నా వైపు తిరిగాడు. "ఆమె ఇంకా దుఃఖంలో ఉంది మావయ్యా. నేను చూసుకుంటాలే. చిత్రిక పట్టేస్తే రెండు నిమిషాల్లో పోద్ది." చిత్రిక తీసి ఆ చెక్కను ఎడమచేత్తో పట్టుకున్నాడు. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్లు ఒకవైపు. నేను ఆ చేతినే చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. నాలుగేళ్ల కిందట చూడాల్సింది అదే కదా.

"చెయ్యి తియ్యి," అన్నాను.

"మావయ్యా—"

"నేను నీకు మావయ్యను కాను. చెయ్యి తియ్యి."

తీశాడు. మిగిలినవాళ్లు పనిముట్లు సర్దుకున్నారు. పైకప్పు వేయకుండానే వెళ్లిపోయారు.

ఇంట్లో అయితే ఆ రాతల మీద గోడ పలకలు పడతాయి, మళ్లీ ఎవరికీ కనపడవు. షెడ్డుకు లోపల పలకలు కొట్టరు.

ఏప్రిల్ 26, ఆదివారం

గుడికి వెళ్లలేదు. జ్వరమని చెప్పించాను. జ్వరం లేదు.

ఏప్రిల్ 29, బుధవారం

క్లెల్ వచ్చి పైకప్పుకు సాయం పట్టాడు, నేను పిలవకుండానే. చెక్క మీది రాత చదివాడు. ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం నేను ఇంతవరకు ఎరగను.

వాడు వెళ్లాక ఆ రాత ఎదురుగా బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. నేను ఏ సెమినరీలోనూ చదవలేదు. లారీల గ్యారేజీలో, మధ్యాహ్నం భోజనం దగ్గర, గ్రీజు చేతులతో చదువుకున్నాను. ఎన్ని వందలసార్లు చదివి ఉంటానో ఆ అధ్యాయం. ఇవాళ కనపడింది. సుంకరి కింద లెక్కపెట్టమన్న ఆ మాట రాసిపెట్టిన మత్తయి ఎవరు? సుంకరి. సుంకం మెట్టు దగ్గర కూర్చుని ఉన్నవాణ్ని ప్రభువు పిలిచి, అతనింటికే వెళ్లి, అతని బల్ల దగ్గరే భోజనానికి కూర్చున్నాడు. సుంకరి కింద లెక్కపెట్టడమంటే అదేనేమో. వెళ్లి వాళ్లింట్లో కూర్చుని తినడమేమో.

నాక్స్‌విల్ ఇక్కడికి గంటన్నర దారి. నాలుగేళ్లలో ఒక్క పూట ఆమె దగ్గర అన్నం తినలేదు.

మే 3, ఆదివారం

వెళ్లాను. ఈసారి గుళ్లో బల్ల గుద్దలేదు. గొంతు కూడా ఎత్తలేదు, వెనకవాళ్లకు వినపడటం లేదని ఒకరన్నారు.

చెప్పాను. ఇక్కడే నిలబడి ఆ వచనం చదివాను, చదివే ముందు వినాల్సింది వినలేదు, చూడాల్సింది చూడలేదు, ఆమె తప్పు చేయలేదు, నేను చేశాను అని చెప్పాను. ఆమె చెయ్యి కమిలి ఉందని చెప్పాను. ఎవరి చెయ్యి అని నేను అనలేదు. అనాల్సిన పని లేదు, అందరి మెడలూ ఒక్కవైపే తిరిగాయి. వేడ్ పాటల పుస్తకంలోకి చూస్తున్నాడు.

సభ్యుల పుస్తకం తెప్పించాను. గీత కింద ఆమె పేరు ఇంకా చదవడానికి వస్తోంది. పక్కన మళ్లీ రాశాను, కెజియా టాలివర్ అని, పుట్టింటి పేరుతో. తర్వాత పై వరసలో ఎజ్రా టాలివర్ అన్న నా పేరు మీద గీత గీశాను.

"బ్రదర్ ఎజ్రా, ఇది సంఘం తీర్మానించాలి. నీ అంతట నువ్వు గీసుకోడానికి లేదు," అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"ఆమె పేరు గీసినప్పుడు కూడా సంఘం ఏం తీర్మానించలేదు. నేను గీశాను, మీరు ఆమెన్ అన్నారు."

మధ్యదారిలో నడిచి బయటికి వచ్చాను. తలుపు నా వెనక దబ్బున కొట్టుకుంది. పట్టుకోవాలని తోచలేదు. మెట్లు దిగుతుంటే అది మళ్లీ తెరుచుకుంది. లోరీన్. చేత్తో పట్టుకుని మెల్లగా మూసింది.

బండి దగ్గరికి చేరేసరికి లోపల పాట మొదలైంది. వేడ్ గొంతే.

మే 9, శనివారం

గుడివాళ్లు ఇద్దరు వచ్చి కుర్చీలు తీసుకెళ్లారు. నలభై. మర్యాదగానే మాట్లాడారు. షెడ్డులో గడ్డి మిషనూ దున్నే మిషనూ ఒక మూల నిలబడ్డాయి. మిగతాదంతా ఖాళీ పలక. గాడి కోసిన చోట వెంట్రుకవాసి పగులు వచ్చింది. క్లెల్ చెప్పిన చోటే.

వాడు తలుపు బిగించడానికి వచ్చాడు. "అయితే నువ్వూ నా బాపతు అన్యుడివే అన్నమాట. రా రా, మా వరసలో చాలా ఖాళీ ఉంది." మరలు బిగిస్తూ మళ్లీ అన్నాడు. "కష్టంగా ఉందా?"

"ఉంది."

"ఉంటది."

మే 10, ఆదివారం

ఇవాళ తల్లుల దినం. గుళ్లో ప్రతి తల్లికీ ఒక పువ్వు ఇస్తారు. మేం ఇంట్లోనే ఉన్నాం. పదకొండు గంటలకు, గుళ్లో ఉండే వేళ, చేతులు ఖాళీగా ఏం చేయాలో తెలియక కూర్చుని ఉంటే, లోరీన్ కత్తెర తెచ్చి పెట్టెల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "గాజు" అని రాసి ఉన్నదాన్ని ముందుకు లాగింది.

"ఇది నీ ముందే తెరవాలని ఇన్నాళ్లు ఆగాను. తెరిస్తే నా సంగతి బయటపడుద్ది."

లోపల పాత వార్తాపత్రికల్లో చుట్టిన సీసాలు. మా సీసాలే. మూత మీద కాగితం ముక్క, లోరీన్ రాత, గడిచిన మూడేళ్లవి. చిక్కుళ్లు, 95. చిక్కుళ్లు, 96. చిక్కుళ్లు, 97. అన్నీ ఖాళీ. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, రేకు మూతలు బిగించి ఉన్నాయి. సీసాల్లో పట్టిన కూర ఎవరికిచ్చినా, మళ్లీ ఏటికి నింపుకోవడానికి సీసాలు కడిగి తిరిగిస్తారు. ఆమె తిరిగివ్వడానికి సర్దిపెట్టుకుంది.

"ప్రతి సెప్టెంబరులో క్లెల్ తీసుకెళ్లి ఇచ్చొచ్చేవాడు," అంది లోరీన్. "రెండుసార్లు నేనూ వెళ్లాను. నీకు దంతాల డాక్టరని చెప్పాను."

ఒక మూత మీది కాగితం మళ్లీ చదివాను.

"చివరి రెండు వరసలూ దానివి ఎజ్రా. ఇద్దరికి ఆరు వరసలెందుకని మూడేళ్లు అడిగావు. పాడైతే పనికొస్తాయని చెప్పేదాన్ని."

కిటికీలోంచి షెడ్డు కనపడుతోంది. దాని కింద పలక సమంగా, గట్టిగా ఉంది. నాలుగంగుళాల కంకర, రెండు పట్టాలు, నాలుగంగుళాల కాంక్రీటు. ఎంత గట్టిగా వేశానో నాకు తెలుసు.

రెండో పెట్టె అడుగున నిండు సీసాలు రెండు దొరికాయి. తొంభై ఏడు. తినకుండా మిగిలినవి.

ఒకటి తెరిచి, కొవ్వుముక్క వేసి లోరీన్ వండింది. మొక్కజొన్న రొట్టె చేసింది. క్లెల్‌ను పిలిచాం. వాడు వాకిట్లోనే బూట్లు విప్పి, తల దువ్వుకుని వచ్చాడు, ఎవరింటికో విందుకొచ్చినట్టు. బల్ల దగ్గర కూర్చున్నాక ఇద్దరూ నా వైపు చూశారు, కృతజ్ఞతా ప్రార్థన కోసం. తల వంచాను. నా బదులు లోరీన్ చేసింది. అమ్మాయి పేరు పెట్టి చేసింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయింది," అన్నాడు క్లెల్. "ఎప్పుడూ సరిపోద్ది. కెజియా అదే అనేది."

మే 11, సోమవారం

కడిగిన సీసాలు షెడ్డులో గోడ అల్మారా మీద పేర్చాను. ఇరవై మూడు. నిండుగా ఉన్న రెండోది కూడా వాటి పక్కనే పెట్టాను. లోపల పొడిగా ఉంది. ఎక్కడా చెమ్మ లేదు.

పెట్టెలు ఇంట్లోనే ఉన్నాయి.

మే 16, శనివారం

చిక్కుళ్లు నాటాం. నాలుగు వరసలు.